రాయి సారు భయం

ఆ పిల్ల ఇంకా రాలేదు. కిటికీ వరసలో మూడో బెంచీ ఖాళీగానే ఉంది, దాని మీద పెట్టిన ప్రశ్నపత్రం ఫ్యాను గాలికి ఒక మూల లేచి పడుతోంది, లేచి పడుతోంది, ఎగిరిపోకుండా దాని మీద తన పెన్ను తీసి పెట్టింది కూడా ఫిజిక్సు సారే. వస్తుందిలే. ఆలస్యంగా వచ్చేవాళ్లు ప్రతి పరీక్షకీ ఉంటారు, బస్సు దొరకనివాళ్లు, హాల్ టికెట్ మరిచిపోయి సగం దారి నుంచి వెనక్కి పరిగెత్తినవాళ్లు, పక్క బిల్డింగులో తమ నెంబరు వెతుక్కుంటూ చెమటలు కక్కేవాళ్లు. మొదటి అరగంట దాకా ఎవరొచ్చినా లోపలికి రానిస్తారు, ఆ గంట కొట్టాక మాత్రం దేవుడు దిగివచ్చినా గుమ్మంలోనే నిలబడాలి, అది రూలు. ఇంకా గంట కొట్టలేదు కదా, వస్తుందిలే అనుకుంటూ ఫిజిక్సు సారు బెంచీల మధ్య ఈ కొస నుంచి ఆ కొసకి నడిచాడు, ఆ కొస నుంచి ఈ కొసకి నడిచాడు, కాలు కాలిన పిల్లి అంటే ఇదేనేమో. పైకి మాత్రం ఏమీ లేదు, ముఖం ఎప్పటి ముఖమే. ఆ ముఖాన్ని చూసే పిల్లలు ఆయనకి రాయి సారు అని పేరు పెట్టుకున్నారు, బెల్లం కొట్టిన రాయిలా ఉలకడు పలకడు అని. ఆ పేరు ఆయనకీ తెలుసు, ఆయనకి తెలుసని పిల్లలకీ తెలుసు, ఇన్నేళ్లుగా ఆ సంగతి ఎవరూ ఎవరి దగ్గరా ఎత్తలేదు. రాయి అనిపించుకోవడంలో ఒక సుఖం ఉంది మరి, రాయిని ఎవరూ ఏమీ అడగరు. ఇప్పుడా రాయి లోపల గుండె దడదడా కొట్టుకుంటోంది, ఆ చప్పుడు పక్కన రాసుకుంటున్న కుర్రాడికి వినిపిస్తుందేమోనని ఆయన ఒక అడుగు దూరం జరిగాడు.

ఆ పిల్ల ఆలస్యంగా వచ్చే రకం కాదు, అసలు భయం అదే. క్లాసుకి ఆయన కంటే ముందే వస్తుంది, అంతకు ముందు గంటలో లెక్కల సారు బోర్డు మీద రాసి వదిలేసిన సంతంతా శుభ్రంగా తుడిచి, డస్టరుని కిటికీ ఊచకేసి దులిపి, చేతులు దులుపుకుని వచ్చి కిటికీ పక్కన కూర్చుంటుంది. ఆ పని చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఆయన గదిలోకి అడుగుపెట్టేసరికి బోర్డు నల్లగా, తడి ఆరని నేలలాగా ఎదురుచూస్తూ ఉంటుంది, ఆయనకది ఎంత హాయో ఆ పిల్లకి తెలుసో లేదో, ఆయనైతే ఒక్కసారి కూడా చెప్పలేదు, ఏమని చెప్పాలో తోచక. క్లాసులో నోరు విప్పదు, పేపరు మీద మాత్రం ఒక్క మెట్టు కూడా ఎగ్గొట్టకుండా జవాబు రాస్తుంది, కొట్టివేతలుండవు, తప్పు రాసినా తిన్నగా రాస్తుంది. అలాంటి పిల్ల పరీక్షకి ఆలస్యమా, అదీ ఆయన సబ్జెక్టుకి, అదీ హాస్టల్ ఇక్కడికి కూతవేటు దూరంలో పెట్టుకుని. జ్వరమేమో. జ్వరమైతే కబురు చేస్తారుగా. ఇంటికి వెళ్లిందేమో. పరీక్షల మధ్య ఇంటికెవరు వెళ్తారు. ఒక్కో సమాధానం చెప్పుకోవడం, దాన్ని తానే కొట్టేసుకోవడం, ఇలా కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలేది ఏమిటో ఆయనకి తెలుసు, అందుకే అక్కడిదాకా వెళ్లకుండా మళ్లీ మొదటికి వచ్చి, జ్వరమేమో అనుకున్నాడు.

మొన్న శుక్రవారం సాయంత్రం ఆ పిల్ల ఆయన దగ్గరకి వచ్చింది. డిపార్టుమెంటులో అందరూ వెళ్లిపోయారు, ఊడ్చే ఆమె వరండాలో నీళ్లు చల్లుతోంది, ఆయన తన గదిలో కూర్చుని రికార్డులు దిద్దుతున్నాడు. గుమ్మం దగ్గర నీడ పడింది. "సార్, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" రామ్మా కూర్చో అన్నాడు, పెన్నుకి మూత పెట్టాడు, కుర్చీని సరిగ్గా ఎదురుగా కాకుండా కాస్త పక్కకి తిప్పుకున్నాడు, యూనివర్సిటీ ఇప్పించిన శిక్షణలో చెప్పినట్టే, ఎదురెదురుగా కూర్చుంటే అవతలి మనిషికి పోలీసు స్టేషన్లో ఉన్నట్టుంటుందట. ఆ పిల్ల కూర్చుంది, చున్నీ కొస వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. "సార్, ఇక నా వల్ల కాదనిపిస్తోంది." ఆయన తల ఊపాడు. "నీ వల్ల కాదనిపిస్తోంది, అంతేనా?" "అవును సార్." "చాలా కష్టంగా ఉన్నట్టుంది." "ఉంది సార్." ఆ తర్వాత మౌనం, మౌనాన్ని తొందరపడి నింపకూడదు, అదీ శిక్షణలో చెప్పిందే, ఆయన నింపలేదు. ఆ పిల్ల ఆయన వైపు చూసింది, ఏదో రావాల్సింది ఇంకా రాలేదన్నట్టు, బస్టాపులో నిలబడ్డవాళ్లు రోడ్డు మలుపు వైపు చూస్తారే, అలా చూసింది. తర్వాత తనే లేచింది. "విన్నందుకు థాంక్స్ సార్" అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "మీరు ఇదివరకటిలా లేరు సార్" అంది, చిన్నగా నవ్వింది. ఆయనా నవ్వాడు, ఎంత నవ్వాలో అంతే. అది మెచ్చుకోలు అనుకున్నాడు మహానుభావుడు, మనసులో ఎగిరి గంతేశాడు కూడా.

ఎందుకు గంతెయ్యడు, ఆ నవ్వు నేర్చుకోవడానికి ఎంత కష్టపడ్డాడని. యూనివర్సిటీ వాళ్లకి ఉన్నట్టుండి జ్ఞానోదయమైంది, పాఠం చెప్పడం ఒక్కటే చాలదు, మాస్టారికి మనసు కూడా ఉండాలి అని, ఆ మనసుకి భావోద్వేగ ప్రజ్ఞ అని నోరు తిరగని పేరొకటి పెట్టి, ఏడాదికోసారి అందరికీ దాని మీద మార్కులు వెయ్యడం మొదలెట్టారు. మొదటి ఏడు రాయి సారుకి అందరికంటే అడుగున వచ్చింది. ప్రమోషన్ ఆగిపోయింది. "మీ చదువుకి వంక లేదండీ, మీ ముఖంతోనే వచ్చింది చిక్కంతా" అన్నాడు డిపార్టుమెంటు హెడ్డు, పాపం మంచివాడే, ఇంకెలా చెప్పాలో తెలియక అలా చెప్పాడు. రాయి సారు ఏడవలేదు, పోట్లాడలేదు, సిలబస్ ఏమిటో కనుక్కున్నాడు. కోటు తొడుక్కున్న శిక్షకుడొకడు వచ్చి చెప్పినవన్నీ రాసుకున్నాడు, అవతలి మనిషి మాటనే తిరిగి అప్పజెప్పు, ఎందుకు ఏమిటి అని గుచ్చి అడగకు, సలహా ఇవ్వకు, కళ్లలోకి చూడు కానీ గుడ్లప్పగించకు, చివర ఒక చిరునవ్వు. సూత్రాలు దొరికితే ఫిజిక్సు సారుకి అడ్డేముంది. రాత్రి భోజనాలయ్యాక భార్యని ఎదురుగా కూర్చోబెట్టుకుని సాధన చేశాడు, ఆమె పడీ పడీ నవ్వేది, "అబ్బ, ఆ నవ్వు వద్దండీ బాబూ, పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచినట్టుంది" అనేది. ఈ ఏడు ఆయనదే మొదటి స్థానం. పెద్దాయన, వైస్ ఛాన్సలర్ గారు, అందరి ముందూ చెయ్యి కలిపి ఊపాడు. వచ్చే వారమే ప్రొఫెసరు ఇంటర్వ్యూ. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, యూనివర్సిటీ మొత్తం మీద మనుషుల మనసు చదవడంలో మొదటివాడు ఇక్కడ ఒక ఖాళీ బెంచీ చుట్టూ తిరుగుతున్నాడు.

ఎవరో చెయ్యెత్తారు, ఆయన ఉలిక్కిపడ్డాడు, అదనపు కాగితం కావాలట, అప్పుడేనా, ఏం రాస్తున్నావురా అంత అనుకుంటూ కాగితం ఇచ్చి దాని మూల సంతకం పెట్టాడు, సంతకం తనది కానట్టు వచ్చింది. కిటికీలోంచి చూస్తే కింద రోడ్డు, రోడ్డు మీద ఎవరో ఒకామె చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెడుతోంది. ఆయన గుండె ఝల్లుమంది. ఎందుకు పరిగెడుతోంది, ఎటు నుంచి వస్తోంది, హాస్టల్ వైపు నుంచేనా. ఆమె పరిగెత్తి పరిగెత్తి బస్సెక్కింది. బస్సు కోసం అన్నమాట, బస్సు కోసం, లోకంలో మనుషులు బస్సుల కోసం కూడా పరిగెడతారు, అన్ని పరుగులకీ తను భయపడేదే కారణం కానక్కర్లేదు. ఫోన్ కోసం ప్యాంటు జేబులు తడుముకున్నాడు. ఫోన్ ఉంటే ఒక్క నిమిషం పని, కానీ ఫోన్లు కింద కంట్రోల్ రూంలో ట్రేలో పడి ఉన్నాయి, పరీక్ష అయ్యేదాకా ఇన్విజిలేటర్ల దగ్గర ఫోన్ ఉండకూడదు, హాలు వదిలి కదలకూడదు, రూలు రాసినవాళ్లలో ఆయన కూడా ఒకడు, సంతకం పెట్టి మరీ రాశాడు, తన గొయ్యి తానే తవ్వుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలియలేదు.

శుక్రవారం రాత్రి భోజనం దగ్గర గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఒక పిల్ల తనంతట తను వచ్చి మనసు విప్పిందోయ్ అన్నాడు, ఇన్నేళ్ల సర్వీసులో మొదటిసారి అన్నాడు. భార్య కరెంటాఫీసులో ఫిర్యాదుల కౌంటరు దగ్గర కూర్చుంటుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా లోకం తిట్లన్నీ తింటుంది, ఇంటికొచ్చి ఆ తిట్లనే కథలుగా చెప్పి నవ్విస్తుంది. ఆమె చెయ్యి కంచంలో ఆగింది. "ఏంటండీ ఆ పిల్ల వల్ల కానిది?" అంది. "అడగలేదు." "అడగలేదా!" "అడగకూడదు. గుచ్చి అడిగితే అవతలి మనిషి ముడుచుకుపోతుంది, నీకా పద్ధతి తెలియదు."  "బాగుందండీ మీ పద్ధతి. కరెంటు పోయిందని వచ్చినవాడికి, మీ ఇంట్లో చీకటిగా ఉన్నట్టుందండీ, మీ బాధ నాకు అర్థమవుతోందండీ అని చెప్పి పంపించేస్తే వాడి ఇంట్లో దీపం వెలుగుతుందా?" ఆయనకి కోపం వచ్చింది. ఇంటి మనిషికి మొగుడి విద్యంటే ఎప్పుడూ లోకువే అనుకున్నాడు. చెయ్యి కడుక్కుని వెళ్లి పడుకున్నాడు, నిద్ర కూడా పట్టింది. ఆ రాత్రి తను ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడన్న సంగతి ఇప్పుడు గుర్తొస్తుంటే పక్కనున్న బెంచీ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

పాత రాయి సారైతే ఏమనేవాడు. ఆయనకి ఆ గొంతు స్పష్టంగా వినిపించింది, తన గొంతే, గరగరమంటూ, మర్యాదా మప్పితం లేకుండా, "ఏంటి నీ వల్ల కానిది? ఏ చాప్టరు? చూపించు" అనేది. అదీ ఆయన ఇన్నేళ్లూ చేసింది, తల ఎత్తకుండా, ముఖం చూడకుండా, ఏంటి, ఎక్కడ ఆగింది, చూపించు. చాప్టరు కాదు సార్ అనేదేమో ఆ పిల్ల. చాప్టరు కాకపోతే మరేంటి అనేవాడు. మరేంటి అని అడిగితే చెప్పాల్సి వస్తుంది కదా, ఏదో ఒకటి చెప్పేది కదా, ఇంటి సంగతో, ఒంటి సంగతో, ఎవడి సంగతో. దాని కోసమే వచ్చింది. యూనివర్సిటీలో నవ్వుతూ మాట్లాడేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, వాళ్లందరినీ వదిలేసి ఉలకని పలకని రాయి దగ్గరకి వచ్చిందంటే, ఈయనైతే మొహమాటపడడు, ఏంటి అని అడుగుతాడు అనే కదా వచ్చింది. వస్తే ఇక్కడ రాయి లేదు, దాని స్థానంలో చిరునవ్వు నవ్వే అద్దం ఒకటి ఉంది, తను అన్న మాటే తనకి తిప్పి కొట్టింది. మీరు ఇదివరకటిలా లేరు సార్. అయ్యో, నా తల్లీ. అది మెచ్చుకోలా? ఆ మాట ఇప్పుడు అర్థమయ్యేసరికి ఆయన మూలనున్న నీళ్ల క్యాను దగ్గరకి వెళ్లి గ్లాసు నింపుకున్నాడు, తాగడం మాత్రం చేతకాలేదు.

గంట కొట్టారు. అరగంట గంట. ఎప్పుడూ వినే గంటే, ఇవాళ ఎవరో వీపు మీద చరిచినట్టు వినిపించింది. తోడు ఇన్విజిలేటరు కెమిస్ట్రీ మేడమ్, చిన్న వయసు, ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు, ఎర్ర పెన్ను తీసి, హాజరు కాగితం పట్టుకుని గొంతు తగ్గించి అడిగింది. "సార్, ఆ కిటికీ దగ్గర అమ్మాయి ఆబ్సెంటేగా? వేసేయనా?" "ఆగండి." "గంట కొట్టేశారు సార్, కాగితం కిందికి పంపాలి." "కాసేపు ఆగండమ్మా." ఆమె ఆయన ముఖం చూసి ఆగింది, ఆగి మళ్లీ, "తప్పదు కదా సార్" అని వేసేసింది. ఆమె తప్పేం లేదు, అది ఆమె పని. ఆయన ఖాళీ బెంచీ దగ్గరకి వెళ్లి ప్రశ్నపత్రాన్ని, రాయని జవాబు పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నాడు, అది కూడా రూలే. బెంచీ మీద హాల్ టికెట్ నెంబరు సుద్దముక్కతో రాసి ఉంది. దాన్ని తుడవబోయి, చెయ్యి రాక వదిలేశాడు.

తలుపు దగ్గర అటెండరు నిలబడ్డాడు, చేతిలో చీటీ. అంతే, ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. చీటీ అంటే కబురు, కబురు అంటే కంట్రోల్ రూంకి ఎవరో ఫోన్ చేశారు, ఫోన్ చేశారంటే ఏదో జరిగింది, ఫిజిక్సు సార్ని పిలవండి అన్నారు, ఎందుకంటే చివరిగా మాట్లాడింది ఫిజిక్సు సారుతోనే కదా. గుమ్మం దాకా నడవడం నీళ్లలో నడిచినట్టు ఉంది. చీటీ విప్పాడు. నాలుగో ప్రశ్నలో బరువు విలువ తప్పు పడింది, పిల్లలకి చెప్పి దిద్దించండి. అంతే. మళ్లీ చదివాడు, నిజంగా అంతే. నవ్వొచ్చినట్టయింది, ఏడుపొచ్చినట్టయింది. బోర్డు దగ్గరకి వెళ్లి సుద్దముక్క తీసుకున్నాడు. బోర్డు మీద మొన్నటి పరీక్షదో ఎవరిదో సగం లెక్క మిగిలిపోయి ఉంది, ఎవరూ తుడవలేదు. తుడిచే మనిషి లేదు. పిల్లలకి వీపు పెట్టి రాయబోతే సుద్ద టక్కున విరిగింది, ఆ చప్పుడుకి ఎన్నో ఏళ్ల కిందటి గది ఆయన చుట్టూ లేచి నిలబడింది, మొదటి ఉద్యోగం, మొదటి క్లాసు, ఎదురుగా అన్ని జతల కళ్లు, నోరు తెరిస్తే మాట రాలేదు. అప్పుడు గిరుక్కున తిరిగి బోర్డు మీద రాయడం మొదలుపెట్టాడు, గంట కొట్టేదాకా రాస్తూనే ఉన్నాడు, వెనక్కి తిరగలేదు. మర్నాడూ అంతే. పిల్లలు దాన్ని పొగరనుకున్నారు, తర్వాత గాంభీర్యం అనుకున్నారు, చివరికి రాయి అన్నారు. అది భయం. మొదటి రోజు నుంచి ఇవాళ్టి దాకా క్లాసులోకి అడుగుపెట్టే ముందు ప్రతిసారీ ఆయనకి భయమేసింది, ఆ సంగతి కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు. మార్కులు వేసినవాళ్లు దానికి ఆత్మనిగ్రహం అని పేరు పెట్టి పూర్తి మార్కులు వేశారు. ఆ పిల్లకి తెలుసేమో. రోజూ బోర్డు తుడిచి పెట్టేది అందుకేనేమో, ఈయన వీపు తిప్పి నిలబడే చోటు శుభ్రంగా ఉండాలని. భయపడేవాళ్లకి భయపడేవాళ్లు తెలిసిపోతారు. తెలిసే వచ్చింది, తనలాంటి వాడి దగ్గరకే వచ్చింది, ఆయన మాత్రం కుర్చీ పక్కకి తిప్పుకుని కూర్చున్నాడు.

విలువ దిద్ది రాశాడు, తప్పు రాశాడు, ముందు బెంచీ కుర్రాడు, "సార్, సున్నా ఎక్కువైంది" అంటే మళ్లీ దిద్దాడు. సుద్ద చెయ్యి చొక్కాకే తుడుచుకున్నాడు. తర్వాత మిగిలిన ఖాళీ జవాబు పుస్తకాల కట్ట తీసుకెళ్లి కెమిస్ట్రీ మేడమ్ చేతుల్లో పెట్టాడు. "ఇవి మీరు చూసుకోండమ్మా, నేను వెళ్తున్నాను." "ఎక్కడికి సార్? బాత్రూంకైతే మీ బదులు రిలీవర్ని పిలుస్తాను." "బాత్రూంకి కాదు." "అయ్యో, ఒక్కదాన్నే ఉండకూడదు సార్, హాలు వదిలేస్తే మెమో ఇస్తారు. మీ ఇంటర్వ్యూ దగ్గర పెట్టుకుని..." ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "సార్, మీకు ఒంట్లో బాగోలేదా? మీ ముఖం అదోలా ఉంది." ఉంటుంది, ఇన్నాళ్లకి ముఖం కూడా మాట్లాడుతోందన్నమాట, అనుకున్నాడు. "రిలీవర్ని పిలవండి, వచ్చేదాకా తలుపు దగ్గర అటెండరుంటాడు" అని బయటపడ్డాడు.

మెట్లు దిగుతుంటే మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. తను ఊహించుకున్నది అబద్ధమైతే నలుగురూ నవ్విపోతారు, నవ్వనీ, జన్మంతా నవ్వుకోనీ, అబద్ధమే కావాలి, ఆ పిల్ల దుప్పటి ముసుగేసుకుని పడుకుని ఉండాలి, ఏంటి సార్ ఈ గోల అని విసుక్కోవాలి. కంట్రోల్ రూంలో చీఫ్ సూపరింటెండెంటు, ఎకనామిక్సు ఆయన, కళ్లజోడు పైనుంచి చూశాడు. "మీరు హాల్లో ఉండాలి కదండీ?" ట్రేలో తన ఫోన్ వెతుకుతున్నాడు రాయి సారు, అన్నీ నల్లవే, అన్నీ ఒకేలా ఉన్నాయి. "ఏమండోయ్ మిమ్మల్నే. ఇప్పుడు ఏం కొంపలు మునిగాయని?" "తెలియదు సార్. మునిగాయో లేదో కనుక్కోవడానికే." "నేను రాసి పంపాల్సి వస్తుంది, తర్వాత నన్నేమీ అనుకోకూడదు." "రాయండి సార్" అన్నాడు, నంబరు నొక్కుతూనే అన్నాడు. ఒకప్పుడు హాస్టల్ కమిటీలో వేసినందుకు తిట్టుకున్నాడు, ఆ పుణ్యానే వార్డెనమ్మ నంబరు ఫోన్లో ఉంది.

"ఆ అమ్మాయా? పొద్దున తినడానికి కూడా కిందికి రాలేదండీ. పరీక్ష కదా, చదువుకుంటోందేమో అనుకున్నా" అంది వార్డెనమ్మ. "గదిలో ఎవరున్నారు?" "పక్కమంచం పిల్ల పరీక్షకొచ్చేసింది కదండీ. ఉండండి, పైకెళ్లి చూస్తా." ఆమె చెప్పుల చప్పుడు, ఆయాసం, మెట్లు, మళ్లీ మెట్లు. ఆయన అప్పటికే బిల్డింగు బయట ఎండలో ఉన్నాడు, ఫోన్ చెవికి అదిమి పట్టుకుని నడుస్తున్నాడు. తలుపు కొట్టిన చప్పుడు వినిపించింది. మళ్లీ కొట్టింది. పేరు పెట్టి పిలిచింది, తర్వాత తల్లీ అంది, తర్వాత ఏమే అంది. "లోపల గడియ పెట్టుకుంది సార్. పలకట్లేదు" అన్నప్పుడు ఆమె గొంతు పూర్తిగా మారిపోయింది. ఆయనకి చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ వినిపించలేదు, కళ్ల ముందు రోడ్డు ఒకసారి తెల్లబడి మళ్లీ వచ్చింది. "గడియ విరగ్గొట్టేవాళ్లని పిలవండి, అంబులెన్సుకి కూడా చెప్పండి, పక్కనున్న వాళ్లెవరి ఫోన్ అయినా తీసుకుని చెయ్యండి. ఈ ఫోన్ మాత్రం కట్ చెయ్యకండి. పెద్దగా వినిపించేలా పెట్టి, తలుపు కింద సందు దగ్గర నేల మీద పెట్టండి." "నేల మీదా?" "అవునమ్మా, పెట్టండి, పెట్టండి."

అప్పుడు మాట్లాడాలి. ఆయనకి నోటిదాకా వచ్చిన మొదటి మాట, నీకు భయంగా ఉన్నట్టుంది, అన్నది, అలవాటు ఎంత పాపిష్టిదో. దాన్ని పళ్ల మధ్యే కొరికి పారేశాడు. "అమ్మాయ్, నేను, ఫిజిక్సు సార్ని. రాయి సార్ని" అన్నాడు. ఏమీ లేదు. "నాకు భయంగా ఉందమ్మా" అన్నాడు. "నీ బెంచీ ఖాళీగా ఉంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పరీక్ష వదిలేసి వస్తున్నా. శుక్రవారం నువ్వొచ్చావు, ఏంటమ్మా అని నేను అడగలేదు, తెలివి ఎక్కువై అడగలేదు. ఇప్పుడడుగుతున్నా. చెప్పకపోయినా పర్లేదు, ఇవాళ కాకపోతే రేపు చెప్పు, ఎప్పుడైనా చెప్పు, అసలు చెప్పకు, తలుపు తియ్యి చాలు." ఏమీ లేదు. ఫోన్లో ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు. మాటలు అయిపోయాయి, జన్మకి సరిపడా మాట్లాడేశాడు, కానీ ఆగితే ఏమవుతుందోనని భయం, అందుకని కంటికి కనిపించిందల్లా చెప్పడం మొదలుపెట్టాడు. "లైబ్రరీ దాటానమ్మా. సైకిల్ స్టాండ్ దగ్గర ఒకడు గొలుసు బిగించుకుంటున్నాడు, చేతులన్నీ నల్లగా అయ్యాయి. క్యాంటీన్ వాళ్లు బల్లలు బయటేసి కడుగుతున్నారు, నీళ్లు నా బూటులోకి పోయాయి. ఇక్కడ రోడ్డు తవ్వేశారు, ఎప్పుడు తవ్వారు ఇది? చుట్టూ తిరిగి వస్తున్నా, కాస్త ఆలస్యమవుతుంది, అంతే, వస్తున్నా." దారిన పోయేవాళ్లు తిరిగి చూశారు. చొక్కా నిండా సుద్ద, ఒక బూటు తడిసి చప్పుడు చేస్తోంది, ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. హాస్టల్ గేటు దగ్గర కాపలా ఆమె లేచి, "మగవాళ్లు లోపలికి రాకూడదండీ" అంది, "తెలుసమ్మా" అని ఆమె పక్క నుంచి లోపలికి వెళ్లిపోయాడు.

"సార్." ఫోన్లోంచే వచ్చింది, చాలా చిన్నగా, నేల మీద పాకుతూ వచ్చినట్టు. ఆయన మెట్ల దగ్గర ఆగిపోయాడు, ఊపిరి కూడా ఆపేశాడు. "చెప్పమ్మా." "లేవలేకపోతున్నా సార్. కాళ్లు వణుకుతున్నాయి." లోకంలో ఉన్న సూత్రాలన్నీ ఆయనని వదిలేసి వెళ్లిపోయాయి, ఒక్కటి కూడా మిగల్లేదు. "నావీ వణుకుతున్నాయమ్మా" అన్నాడు, రెయిలింగు పట్టుకుని మొదటి మెట్టు ఎక్కాడు. "వాటితోనే వస్తున్నా. నువ్వూ వాటితోనే తలుపు దాకా రా." ఫోన్లో ఏమీ లేదు, చాలాసేపు ఏమీ లేదు, ఎక్కడో కింద ఎవరో ఇనుప పనిముట్లు పట్టుకుని పరిగెత్తుకొస్తున్నారు. తర్వాత గుడ్డ నేల మీద ఈడ్చుకున్న చప్పుడు. ఏదో పడింది, గ్లాసో సీసానో, దొర్లుకుంటూ పోయింది. తర్వాత చెక్క మీద అరచెయ్యి పడిన చప్పుడు. "గడియ చేతికి అందింది సార్" అంది ఆ పిల్ల. "లాగమ్మా" అన్నాడు. ఇనుము కీచుమంది, వెంటనే వార్డెనమ్మ గొంతు, అమ్మ నా తల్లీ, అమ్మ నా తల్లీ అని, ఇంకో గొంతు, సన్నగా, ఎక్కి ఎక్కి ఏడుస్తూ. రాయి సారు ఆ మెట్ల మీదే కూలబడి, ఫోన్ గుండెకి అదుముకుని, చిన్నపిల్లాడిలా భోరుమని ఏడ్చాడు. ఏడుస్తూనే లేచి మిగిలిన మెట్లు ఎక్కాడు.